పగటి నిద్రకు రెండున్నర నెలల పాపను ఎక్కడ పడుకోబెట్టాలి: చీర ఉయ్యాలలోనా, చాప మీదనా?

ప్రశ్న: ఒక తల్లి, కొర్లగుంట, తిరుపతి

అందరికీ నమస్కారం. మా పాపకు రెండున్నర నెలలు. చిత్తూరులో మా పుట్టింట పురుడు పోసుకుని, మూడో నెలలో తిరుపతిలోని అత్తగారింటికి వచ్చాను. రాత్రి నిద్ర గురించి నాకు పెద్దగా దిగులు లేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరుగారు చెప్పినట్లే మా మంచం పక్కన వేసిన చిన్న చెక్క మంచంలో, దిండు లేకుండా, వెల్లకిలా పడుకోబెడుతున్నాము. నా సందేహమంతా పగటి నిద్ర గురించే.

ఉదయం పది గంటలకు మా అత్తమ్మ పాపకు నూనె రాసి, కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, పాత మెత్తటి గుడ్డలో చేతులతో సహా చుట్టి, తలకు కుల్లాయి తొడిగి, హాల్లో ఇనుప కొక్కేనికి కట్టిన నూలు చీర ఉయ్యాలలో వేస్తారు. నీళ్లు పోసుకున్న అలసటకు పాప రెండు మూడు గంటలు కదలకుండా నిద్రపోతుంది. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు కనుక ఇన్నాళ్లూ నేనేమీ అనుకోలేదు.

పోయిన గురువారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగిన కాసేపటికి, పాపకు ఉక్కపోస్తుందేమోనని వెళ్లి చూస్తే, ఉయ్యాల చీర అంచులు రెండూ పైన కలిసిపోయి పాప ముఖం కనబడలేదు. విడదీసి చూశాను. పాప కిందికి జారి, గడ్డం రొమ్ముకు ఆనుకుని, ఒక చెంప చీరకు అతుక్కుని ఉంది. నోటి దగ్గర చీర మీద రూపాయి బిళ్లంత తడి మరక, మెడ ముడతల్లో చెమట, ముక్కులోంచి సన్నగా గురక లాంటి చప్పుడు. ఎత్తుకోగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి తీసుకుని ఏడ్చింది, ఏమీ కాలేదు. అయినా ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఆ సమయంలో అత్తమ్మ ఆరడుగుల దూరంలోనే కూర్చుని బియ్యం ఏరుతున్నారు. ఆమె అజాగ్రత్తగా ఉన్నారని నేను ఎంతమాత్రం అనడం లేదు.

మనిషి దగ్గరుంటే పగటిపూట చీర ఉయ్యాల ఫరవాలేదా, లేక రాత్రి పాటించే పద్ధతినే పగలూ పాటించాలా? వెల్లకిలా పడుకోబెడితే కక్కిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయని, తల వెనుక చదునవుతుందని అత్తమ్మ భయపడుతున్నారు. అందుకే ఆవాల దిండు కూడా కుట్టి సిద్ధంగా ఉంచారు. నా 26 వారాల ప్రసూతి సెలవు ముగిశాక పగలంతా పాప ఆమె చేతుల్లోనే ఉంటుంది. ఆమె మనసు నొచ్చుకోకుండా ఈ మాట ఎలా చెప్పాలో కూడా అనుభవమున్నవారు తెలియజేయగలరు.

జవాబు: రిటైరైన స్టాఫ్ నర్సు, తిరుపతి

అమ్మా, నేను నవజాత శిశువుల వార్డులో చాలా ఏళ్లు పనిచేశాను. మీరు చూసినదాన్ని చిన్న విషయంగా కొట్టిపారేయవద్దు, అలాగని రోజంతా వణికిపోవద్దు. ఏం జరిగిందో అర్థమైతే ఏం చేయాలో మీకే తెలుస్తుంది.

ఈ వయసు బిడ్డకు ఒంటితో పోలిస్తే తల బరువు, మెడకు ఇంకా బలం ఉండదు. గాలి పోయే దారి సన్నగా, మెత్తగా ఉంటుంది. చీర ఉయ్యాల అడుగు గుంటగా ఉంటుంది కనుక బిడ్డ అందులో వంగిపోతుంది, గడ్డం రొమ్ముకు తగులుతుంది, అప్పుడు మడతపడిన రబ్బరు గొట్టంలో నీరు ఆగినట్లే గాలి దారి ఇరుకవుతుంది. మీరు విన్న ఆ సన్నని చప్పుడు అలా ఇరుకైన దారిలోంచి వచ్చినదే కావచ్చు. చెంపకు చీర అంటుకున్నప్పుడు బిడ్డ తాను వదిలిన గాలినే మళ్లీ పీల్చుకునే ప్రమాదం రెండవది. పెద్దవాళ్లమైతే ఊపిరి ఆడకపోతే ఉలిక్కిపడి లేస్తాము. మూడు నెలల లోపు బిడ్డ ఒక్కోసారి లేవదు, లేచినా తల పక్కకు తిప్పుకోలేకపోవచ్చు. పైగా ఊపిరి అందని బిడ్డ ఏడవదు. ఏడవడానికి కూడా గాలి కావాలి కదా. అందువల్ల ఆరడుగుల దూరంలో మనిషి ఉన్నా, ముఖం కనబడకపోతే ఆ కాపలా వల్ల ఉపయోగం లేదు.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు సమాధానం: పగలైనా రాత్రయినా పద్ధతి ఒక్కటే. వెల్లకిలా, చదునుగా, గట్టిగా ఉన్న చోట, చుట్టూ ఏమీ లేకుండా పడుకోబెట్టాలి. మీ చిన్న చెక్క మంచాన్నే పగలు హాల్లోకి జరుపుకోవచ్చు. అది కుదరకపోతే నేల మీద చాప పరిచి, దాని మీద పాత చీరలతో కుట్టిన పలుచని బొంతను ముడతల్లేకుండా వేస్తే చాలు. బూరుగుదూది పరుపు మాత్రం వద్దు. అరచేతితో నొక్కి తీస్తే గుంట అలాగే నిలిచిపోయే పరుపు ఏదైనా బిడ్డకు పనికిరాదు.

పగటి నిద్ర విషయంలో ఇంకో మాట తప్పక చెప్పాలి. వెల్లకిలా పడుకోవడం అలవాటైన బిడ్డను, వేరే ఎవరో చూసుకునే సమయంలో, అలవాటు లేకుండా బోర్లా పడుకోబెడితే ప్రమాదం మరింత పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. తల్లి ఒక విధంగా, అవ్వ ఒక విధంగా పడుకోబెట్టే ఇళ్లలో ఇదే జరుగుతుంది. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం 1992లో బోర్లా పడుకోబెట్టవద్దని సూచించి, 1994 నుంచి దేశమంతటా ప్రచారం చేసిన తరువాత, నిద్రలో హఠాత్తుగా సంభవించే శిశు మరణాలు పదేళ్లలో సగానికి పైగా తగ్గాయి. అలాంటి మరణాలు ఎక్కువగా ఒకటవ నెల నుంచి నాలుగవ నెల మధ్యలో జరుగుతాయి, ఆరు నెలలు దాటాక చాలా అరుదు. మీ పాప ఇప్పుడు సరిగ్గా ఆ వయసులో ఉన్నందువల్లనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాలు కక్కడం గురించి మీ అత్తమ్మగారి భయం సహజమే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మేము కూడా పక్కకు పడుకోబెట్టమనే చెప్పేవాళ్లము. కానీ బిడ్డ వెల్లకిలా ఉన్నప్పుడు శ్వాసనాళం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కిన పాలు శ్వాసనాళంలోకి పోవాలంటే పైకి ఎక్కాలి. బోర్లా ఉంటే ఆ నాళం కిందికి వస్తుంది కనుక పాలు అటు జారడమే తేలిక. పాలు పట్టాక భుజాన వేసుకుని త్రేన్పు వచ్చేవరకు వీపు నిమిరి, ఆ తరువాత పడుకోబెట్టమనండి.

జవాబు: ఇద్దరు మనవళ్ల అవ్వ, పలమనేరు

నా ముగ్గురు పిల్లలూ చీర ఉయ్యాలలోనే పెరిగారు, నేనూ అందులోనే పెరిగాను. పై జవాబు చదివి మొదట నాకు కొంచెం కోపమే వచ్చింది. ఇన్ని తరాల తల్లులకు తెలియనిది ఇప్పుడు కొత్తగా తెలిసిందా అనిపించింది. అయితే ఆ కాలంలో మేము ఉయ్యాలను ఎలా వాడామో గుర్తు చేసుకుంటే, ఈ కాలం వాడుకకూ దానికీ తేడా కనిపిస్తోంది. మా అత్తగారు చింతపండు కొడుతూ ఉయ్యాల తాడును కాలి బొటనవేలికి తగిలించుకునేవారు, చీర విచ్చుకుని ఉండేందుకు పైన అడ్డంగా ఒక వెదురు కర్ర పెట్టేవారు, ఊపు ఊపుకూ బిడ్డ ముఖం ఆమెకు కనబడేది. ఇప్పుడు ఉయ్యాలలో వేసి టీవీ ముందు కూర్చుంటున్నారు, కొందరు స్ప్రింగు ఉయ్యాలకు మోటారు తగిలించి వంటింట్లోకి వెళ్లిపోతున్నారు.

అడ్డకర్ర పెట్టి, ఎదురుగా కూర్చుంటే సరిపోదా అని నర్సమ్మగారిని అడుగుతున్నాను. తప్పుంటే చెప్పండి, నేర్చుకుంటాను. మా చిన్న మనవడికి నాలుగో నెల.

జవాబు: రిటైరైన స్టాఫ్ నర్సు, తిరుపతి

పెద్దమ్మా, మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది. అడ్డకర్ర చీర అంచులను విడదీస్తుంది కనుక ముఖానికి గాలి తగులుతుంది, అంతవరకు అది మేలే. కానీ అడుగున ఉన్న గుంటను అది చదును చేయలేదు, మెడ వంగడం అలాగే ఉంటుంది. అందువల్ల ఉయ్యాలను నిద్ర పుచ్చడానికి వాడండి, నిద్రపోవడానికి వద్దు. మీ ఎదుట, మీ చేతితో ఊపుతూ, జోలపాట పాడండి. కన్ను మూత పడగానే తల కింద ఒక చెయ్యి, పిరుదుల కింద ఒక చెయ్యి పెట్టి ఎత్తి చాప మీదికి మార్చండి. పడుకోబెట్టేటప్పుడు ముందు పిరుదులు, తరువాత వీపు, చివరికి తల ఆనించి, మరో నిమిషం పాటు రొమ్ము మీద చెయ్యి ఉంచితే చాలామంది పిల్లలు లేవరు. మొదటి మూడు నాలుగు రోజులు లేస్తారు, ఓపిక పట్టాలి.

మీ మనవడికి నాలుగో నెల అన్నారు కాబట్టి ఇంకొకటి గుర్తుంచుకోండి. బోర్లపడే వయసు వచ్చిన బిడ్డను చీర ఉయ్యాలలో వదిలితే, పొర్లి ముఖం గుడ్డలో కూరుకుపోవచ్చు, లేదా అంచు మీదుగా కింద పడవచ్చు. ఇంకా పెద్ద పిల్లలకైతే ఆడుకుంటూ ఉయ్యాలను గిరగిరా తిప్పినప్పుడు చీర మెడకు బిగుసుకుపోయిన దుర్ఘటనలు మన దేశంలో జరిగాయి. వాడనప్పుడు చీరను కొక్కెం నుంచి విప్పి పెట్టడం మంచిది.

ఆవాల దిండు సంగతి అడిగిన అమ్మాయికి: వద్దమ్మా. ఏడాది లోపు బిడ్డకు ఏ దిండూ అవసరం లేదు. తల గుండ్రంగా రావడానికని అమ్మే దిండ్లను వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరించింది; వాటివల్ల ఊపిరాడని ప్రమాదమే తప్ప నిరూపితమైన ప్రయోజనం లేదు. తల కొంచెం చదునైనా, బిడ్డ కూర్చోవడం మొదలుపెట్టాక చాలామందిలో అదే సర్దుకుంటుంది. అది తగ్గాలంటే బిడ్డ మెలకువగా ఉన్నప్పుడు, మీరు ఎదురుగా కూర్చుని, రోజుకు నాలుగైదు సార్లు కొన్ని నిమిషాల చొప్పున బోర్లా వేయండి. మెడకు బలమూ వస్తుంది. పడుకోబెట్టేటప్పుడు ఒక రోజు తల తూర్పుకు, మరో రోజు పడమరకు మార్చండి. పిల్లలు వెలుతురు వైపు, మనుషుల వైపు ముఖం తిప్పుతారు కనుక బరువు ఒకే చోట పడదు. ఉత్తరానికి తల పెట్టమని నేను చెప్పలేదు కాబట్టి మీ అత్తమ్మగారికి అభ్యంతరం ఉండదనుకుంటాను.

జవాబు: ఒక తండ్రి, చిత్తూరు

మా బాబుకు ఇప్పుడు పదకొండు నెలలు. ఉయ్యాల ప్రమాదమని విని మేము దానికి బదులుగా ఏటవాలుగా ఉండే ఊగే కుర్చీ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాము. బెల్టు ఉంది, బొమ్మలు వేలాడుతున్నాయి, చూడటానికి భద్రంగానే కనిపించింది. రెండో రోజే బాబు అందులో నిద్రపోయి, తల ముందుకు వాలి, గడ్డం రొమ్ముకు తగిలి ఉండటం మా ఆవిడ చూసింది. అంటే డబ్బు పెట్టి మళ్లీ అదే ఉయ్యాలను కొనుక్కున్నాము! తరువాత తెలుసుకుంటే, పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకల అమ్మకాన్ని అమెరికాలో 2022లో చట్టం చేసి నిషేధించారట. మంచం చుట్టూ కట్టే మెత్తటి దిండుకట్లను కూడా అదే చట్టంలో నిషేధించారు. కారు సీటులో బిడ్డ నిద్రపోతే ప్రయాణం ముగియగానే తీసి చదునైన చోట పడుకోబెట్టాలనీ, ఇంట్లోకి తెచ్చి అందులోనే నిద్ర పుచ్చకూడదనీ మా డాక్టరుగారు చెప్పారు.

మన ఎండల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మే నెలలో తిరుపతి, చిత్తూరు వైపు మేడ మీది గదిలో మధ్యాహ్నం ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. ఒంటికి వేడి ఎక్కడం కూడా నిద్రలో ప్రమాదాన్ని పెంచే కారణాల్లో ఒకటి. మన ఇళ్లలో నీళ్లు పోసిన తరువాత జలుబు చేస్తుందని కుల్లాయి, చేతితొడుగులు, కాళ్లతొడుగులు, పైన దుప్పటి వేస్తారు. బిడ్డ ఒంటి వేడిలో చెప్పుకోదగ్గ భాగం తల నుంచి బయటికి పోతుంది కాబట్టి ఇంట్లో నిద్రపోయేటప్పుడు కుల్లాయి తీసేయాలి. ఎండాకాలంలో పలుచని నూలు జుబ్బా ఒక్కటి సరిపోతుంది. చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని కంగారు పడకూడదు, మెడ వెనుక గానీ రొమ్ము మీద గానీ చెయ్యి పెట్టి చూడాలి. అక్కడ చెమట తగిలితే బట్టలు ఎక్కువైనట్లే. కరెంటు పోయినప్పుడు మేము బాబును కింది అంతస్తులోని వసారాలోకి తెచ్చి, చాప మీద వేసి, విసనకర్రతో విసిరేవాళ్లము. ఇప్పుడు తాటాకు విసనకర్ర దొరకడమే కష్టంగా ఉంది, అది వేరే కథ.

దోమల కోసం గొడుగు దోమతెర వాడితే, అడుగున మెత్తటి పరుపుతో వచ్చే రకాన్ని తీసుకోకండి, లేదా ఆ పరుపునూ దానితో ఇచ్చే చిన్న దిండునూ పక్కన పడేయండి. తెర బిగుతుగా నిలబడి, బిడ్డ చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండాలి.

జవాబు: ఆశా కార్యకర్త, శ్రీకాళహస్తి

ఆసుపత్రిలో ప్రసవమైన వారి ఇంటికి మేము మూడవ రోజు మొదలుకొని 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్తాము. ఆ ఆరు సార్లలో నేను నేర్చుకున్నది ఒక్కటే: కోడలితో చెప్పి వస్తే పని జరగదు, అత్తగారితోనే చెప్పాలి, అది కూడా బిడ్డను ఆమె చేతిలో ఉంచి చెప్పాలి. "ఇలా చేయకూడదు" అంటే ఏ పెద్దావిడైనా చిన్నబుచ్చుకుంటుంది. "మీ చేతులతో ఇక్కడ పడుకోబెట్టి చూపించండమ్మా" అని అడిగితే ఆనందంగా చేస్తుంది, ఆ తరువాత ఆమే పదిమందికి చెబుతుంది.

మీ పాపకు 14వ వారం టీకా దగ్గర పడుతోంది. ఆ రోజు అత్తమ్మగారిని తప్పక వెంట తీసుకువెళ్లండి, పాపను ఆమె ఒడిలోనే కూర్చోబెట్టుకోనివ్వండి, ఉయ్యాల గురించీ ఆవాల దిండు గురించీ ఆమె సందేహాలను ఆమె నోటితోనే డాక్టరును అడగనివ్వండి. మీరు మధ్యలో మాట్లాడవద్దు.

సాంబ్రాణి పొగను బిడ్డకు నేరుగా పట్టడం, బీడీ, సిగరెట్టు తాగి వచ్చిన వెంటనే బిడ్డను పక్కన పడుకోబెట్టుకోవడం రెండూ మానాలి. నిద్రపోయేటప్పుడు మెడలో దిష్టి తాడు, వసకొమ్ముల దండ ఉండకూడదు. తాడు తప్పదంటే మొలకు కట్టుకోమని చెబితే మా ఊళ్లో ఎవరూ కాదనలేదు.

తల్లికి కూడా ఒక మాట. మధ్యాహ్నం భోజనం తరువాత సోఫాలో కూర్చుని పాలిస్తూ కునుకు తీయడం అన్నిటికంటే ప్రమాదకరం. బిడ్డ సోఫా సందులోకి జారితే తెలియదు. నిద్ర వస్తోందనిపిస్తే ముందే దిండ్లూ దుప్పట్లూ తీసేసిన చదునైన పడక మీదికి మారండి, మెలకువ రాగానే పాపను తన చోటికి మార్చండి.

ప్రశ్న అడిగిన తల్లి, కొర్లగుంట, తిరుపతి (ఐదు వారాల తరువాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆశా అక్క చెప్పినట్లే 14వ వారం టీకాకు అత్తమ్మను తీసుకువెళ్లాను. లోపలికి వెళ్లగానే ఆమె డాక్టరుగారిని అడిగిన మొదటి ప్రశ్న ఉయ్యాల గురించి కాదు, "మా అబ్బాయికి ఆవాల దిండు వాడాను, వాడి తల గుండ్రంగానే ఉంది కదా" అని. డాక్టరుగారు నవ్వి, మా ఆయన తలను ఒకసారి చూసి, దిండు లేకపోయినా అలాగే ఉండేదమ్మా అన్నారు. పాలు కక్కడం గురించి ఆయన కాగితం మీద రెండు గొట్టాల బొమ్మ గీసి చూపించారు. ఆ కాగితాన్ని అత్తమ్మ మడిచి, టీకా కార్డులో పెట్టుకుని తెచ్చుకున్నారు.

ఇప్పుడు నీళ్లు పోశాక కుల్లాయి లేదు, సాంబ్రాణి ధూపం దేవుడి గదికే. అత్తమ్మ ఉయ్యాలలోనే జోకొడతారు, పాట మాత్రం మానలేదు. నిద్ర పట్టగానే తానే ఎత్తి కోర చాప మీదికి మారుస్తారు. మొదట్లో పాప ప్రతిసారీ లేచింది. రెండు రోజులు అత్తమ్మ విసుక్కున్నారు కూడా. మూడో రోజు చాప మీద పావుగంట ముందే బొంత పరిచి, తన చీర కొంగుతో కాసేపు రుద్ది వెచ్చబరిచి పడుకోబెట్టారు. ఆ చిట్కా ఎవరూ చెప్పలేదు, ఆమె సొంతం. ఆ రోజు పాప గంటన్నర నిద్రపోయింది.

నిన్న చాప మీద పాప ఒక పక్కకు ఒరగడం చూశాను. చేతులతో సహా చుట్టడం ఇక మానేయాలని నేను అంటే, రేపటి నుంచి మానేద్దామని అత్తమ్మ అన్నారు. పూర్తిగా బోర్లపడటం వచ్చాక, వెల్లకిలా పడుకోబెట్టినా నిద్రలో తనే బోర్లా తిరిగితే లేపి మళ్లీ తిప్పాలా, అలాగే వదిలేయవచ్చా?

జవాబు: రిటైరైన స్టాఫ్ నర్సు, తిరుపతి

చుట్టడం రేపటి నుంచి కాదమ్మా, ఈ రోజు నుంచే మానేయండి. చేతులు కట్టేసి ఉన్న బిడ్డ బోర్లపడితే ముఖం ఎత్తుకోలేదు. ఇక మీ ప్రశ్నకు: మీరు ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రెండు వైపులా తనంతట తాను తిరగడం వచ్చేవరకు, బోర్లా తిరిగితే మెల్లగా వెల్లకిలా మార్చండి. రెండూ వచ్చాక తనకు నచ్చినట్లు పడుకోనివ్వవచ్చు. అప్పటికి బొంత పక్కన బొమ్మలు, గుడ్డలు, బియ్యం చాట ఏవీ చేతికి అందనంత దూరంలో ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.